ఎంసీబీలన్నీ ఆపేసినా ఆర్‌సీసీబీ ఎందుకు పడిపోతుంది?

చాలా ఇళ్లలో జరిగేదే ఇది. రాత్రి ఎనిమిదింటికి ఇల్లంతా ఒక్కసారిగా చీకటైపోతుంది. చూస్తే వీధిలో అందరికీ కరెంటు ఉంటుంది. బోర్డు తెరిస్తే అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న స్విచ్, అంటే ఆర్‌సీసీబీ, కిందికి పడిపోయి కనిపిస్తుంది. పైకి లేపితే టక్కున మళ్లీ పడుతుంది. పక్కనున్న చిన్న స్విచ్‌లన్నీ, అంటే ఎంసీబీలన్నీ, ఆపి లేపినా నిలబడదు. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి "ఇది పోయింది సార్" అని కొత్తది బిగిస్తాడు. రెండు రోజులు బాగుండి, అది కూడా పడిపోవడం మొదలవుతుంది. మూడోసారి ఆయన ఆ స్విచ్‌ను తప్పించి వైర్లు నేరుగా కలిపేస్తాడు. "డైరెక్ట్ ఇచ్చేశాను, ఇక టెన్షన్ లేదు" అంటాడు.

ఇక్కడ అందరూ నమ్మే తర్కం ఒకటుంది. చిన్న స్విచ్‌లన్నీ ఆపేశాం, అంటే ఇంటి వైరింగ్‌కు కరెంటే లేదు, అయినా పెద్దది పడుతోంది కాబట్టి తప్పు దానిలోనే ఉంది. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ చాలాసార్లు ఇది తప్పు. ఎందుకు తప్పో అర్థమైతే ఇంట్లో లీకేజీని, అంటే కరెంటు దారి తప్పి భూమిలోకి పోవడాన్ని, ఎలా పట్టుకుంటారో సగం అర్థమైనట్టే.

ముందు, పడింది ఏ స్విచ్?

బోర్డులో రెండు రకాల స్విచ్‌లు ఉంటాయి. వాటి పనులు వేరు. సన్నగా వరసగా ఉండేవి ఎంసీబీలు. పాతకాలపు ఫ్యూజు చేసే పనినే ఇవి చేస్తాయి. వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగినా, కరెంటు తెచ్చే ఫేజ్ తీగ, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ తీగ ఒకదానికొకటి తగులుకుని షార్ట్ అయినా ఇవి పడతాయి. ఎంసీబీ కాపాడేది వైరును. వైరు వేడెక్కి కాలిపోకుండా చూస్తుంది.

వెడల్పుగా ఉండి, మూల మీద 'టి' అని రాసిన చిన్న బటన్ ఉండేది ఆర్‌సీసీబీ. ఇది కాపాడేది మనిషిని. చాలామంది దీన్ని ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే అంటారు. నిజానికి ఆ పేరుతో మొదట వచ్చిన పరికరం వేరు, అది ఎర్త్ వైరులో వచ్చే వోల్టేజీని బట్టి పనిచేసేది. ఇప్పుడు షాపులో ఈఎల్‌సీబీ అని అడిగినా చేతికిచ్చేది ఆర్‌సీసీబీనే. ఈ రెండు పనులూ ఒకే పెట్టెలో చేసేదాన్ని ఆర్‌సీబీఓ అంటారు.

ఎంసీబీ పడితే ఓవర్‌లోడో షార్టో అయ్యుంటుంది. ఆర్‌సీసీబీ పడితే ఎంత లోడు పెట్టామన్నది ప్రశ్న కాదు. కరెంటు దారి తప్పిందన్నమాట.

వెళ్లినంతా తిరిగి రావాలి

ఆర్‌సీసీబీ లోపల గుండ్రటి ఇనుప చట్రం ఒకటి ఉంటుంది. ఫేజ్, న్యూట్రల్ రెండూ దాని మధ్యలోంచే పోతాయి. ఫేజ్ మీద ఇంట్లోకి 8 ఆంపియర్లు వెళ్తే, న్యూట్రల్ మీద 8 ఆంపియర్లూ తిరిగి రావాలి. ఈ రెండూ సమానంగా ఉన్నంతసేపు చట్రంలో కదలిక ఉండదు. వెళ్లింది 8 ఆంపియర్లు, వచ్చింది 7.97 ఆంపియర్లు అయితే 0.03 ఆంపియర్ల తేడా వచ్చింది. ఆ 30 మిల్లీ ఆంపియర్లు తడి గోడలోంచో, గీజర్ ఒంట్లోంచో, మనిషి ఒంట్లోంచో భూమిలోకి పోయాయి. ఆ తేడా చట్రానికి తెలిసి స్విచ్ పడుతుంది.

మన ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ మీద 30 ఎంఏ అని రాసి ఉంటుంది. ప్రమాణాల ప్రకారం 15 మిల్లీ ఆంపియర్ల దాకా ఇది పడకూడదు, 30కి చేరితే తప్పనిసరిగా పడాలి. మధ్యలో ఎక్కడైనా పడొచ్చు. 30 దగ్గర 0.3 సెకన్లలోపు, దానికి అయిదు రెట్ల లీకేజీ ఉంటే 0.04 సెకన్లలోపు కరెంటు ఆగిపోవాలి.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఆర్‌సీసీబీ ఉంటే మన ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లకు మించి పోదని చాలామంది అనుకుంటారు. తడి చేతులతో ఫేజ్ ముట్టుకుంటే ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుందాం. 230ని 1000తో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. ఆ షాక్ పూర్తిగానే కొడుతుంది. ఆర్‌సీసీబీ తగ్గించేది షాక్ తగిలే సమయాన్ని. సాధారణంగా గుండె లయ తప్పేలోపు కరెంటును కోసేస్తుంది. ఇంకో పరిమితి కూడా ఉంది. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుని, కాళ్లు పొడి చెక్క మీద ఉన్న మనిషిని ఇది కాపాడలేదు. అతని ఒంట్లోంచి వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లోకే తిరిగి వస్తుంది కాబట్టి చట్రానికి అతను ఒక బల్బుతో సమానం.

ఎర్తింగ్ ఉంది కదా, ఇది దేనికి?

ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు వేసి పైపు పాతించిన వాళ్లకు వచ్చే సందేహమిది. లెక్క చూద్దాం. గీజర్ లోపల ఫేజ్ వైరు ఊడి దాని ఒంటికి తగిలింది. ఎర్త్ వైరు ద్వారా కరెంటు గుంతలోకి పోతుంది. గుంతలో నీళ్లు పోయక ఏళ్లయింది, దాని నిరోధం 20 ఓమ్‌లు అనుకుందాం. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. గీజర్‌కు పెట్టిన ఎంసీబీ 16 ఆంపియర్లది. 11.5 దానికి మామూలు లోడే, కాబట్టి అది పడదు. గీజర్ ఒళ్లంతా, దానికి కలిసిన ఇనప పైపులంతా కరెంటు మీదే ఉంటాయి. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గంటకు రెండున్నర యూనిట్లకు పైగా భూమిలోకి పోతుంది.

అదే బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే 11.5 ఆంపియర్లు దానికి కొండంత తేడా. ఎవరూ గీజర్ ముట్టుకోకముందే పడిపోతుంది. ఎర్త్ గుంత కరెంటుకు దారి చూపిస్తుంది, ఆర్‌సీసీబీ ఆ దారిని కనిపెట్టి కోసేస్తుంది. రెండూ కావాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు కూడా ఇళ్లకు లీకేజీ హద్దును 30 మిల్లీ ఆంపియర్లుగానే పెట్టాయి.

ఆ 'టి' బటన్ గురించి ఒక మాట. దాన్ని నొక్కితే లోపలున్న చిన్న రెసిస్టర్ ద్వారా కావాలని తేడా పుట్టించి స్విచ్‌ను పడేస్తారు. ఇంటికి అసలు ఎర్త్ లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది. బటన్ నొక్కితే పడింది కాబట్టి ఎర్తింగ్ బాగుందని అనుకోకూడదు.

ఫేజ్ లీకేజీ: దొరికిపోయే దొంగ

లీకేజీల్లో సులువుగా చిక్కేది ఫేజ్ నుంచి ఎర్త్‌కు పోయేది. 230 వోల్టుల దగ్గర 30 మిల్లీ ఆంపియర్లు పోవాలంటే దారిలో నిరోధం సుమారు 7,700 ఓమ్‌లు ఉంటే చాలు. 15 మిల్లీ ఆంపియర్లకు అయితే 15,000 ఓమ్‌లు. రాగి తీగ దేనికో తగలాల్సిన పని లేదు, తడే ఆ దారి వేసేస్తుంది. వాన పడితే ట్రిప్ అయ్యి, ఎండ కాస్తే సర్దుకునే ఇళ్లలో సాధారణంగా జరిగేది ఇదే. గేటు లైటు హోల్డర్లోకి చినుకులు పోతాయి. స్లాబులో వేసిన పైపుల్లోకి పగుళ్ల గుండా నీళ్లు దిగి జంక్షన్ బాక్సులో నిలుస్తాయి. కాలింగ్ బెల్ స్విచ్ తడుస్తుంది. స్విచ్ బోర్డులో బల్లి చచ్చిపడి ఉన్నా ఇంతే.

గీజర్ ఎలిమెంట్ సంగతి కొంచెం వేరు. ఆ లోహపు గొట్టంలో తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. వేడిని పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది, కానీ తేమను పీల్చుకుంటుంది. ఉప్పునీళ్ల బోర్లున్న ఊళ్లలో గొట్టం మీద తెల్లగా గార పేరుకుని, చివరికి సూదిమొనంత రంధ్రం పడుతుంది. మొదట్లో అప్పుడప్పుడు ట్రిప్ అవుతుంది, తర్వాత రోజూ అవుతుంది. "గీజర్ ముట్టుకుంటే ఎర్త్ వస్తోంది" అని ఇంట్లో ఎవరైనా అన్నారంటే లీకేజీ ఉందని, ఎర్త్ వైరు సరిగా లేదని రెండూ ఒకేసారి తెలిసినట్టు.

బోరు మోటారుదీ ఇదే జాతి. సబ్‌మెర్సిబుల్ మోటారు వైరుకు జాయింట్లు బోరు లోపల, నీళ్లలో ఉంటాయి. వాటి మీద చుట్టిన టేపు కొన్నేళ్లకు వదులవుతుంది. మోటారు చుట్టూ నీళ్లే కాబట్టి పైన ఎర్త్ వైరు లేకపోయినా లీకేజీకి దారి దొరుకుతుంది.

వీటన్నిటికీ ఒకే లక్షణం. ఆ లైనుకు చెందిన ఎంసీబీ ఆపేస్తే ఆర్‌సీసీబీ నిలబడుతుంది. ఒక్కొక్కటి ఆన్ చేస్తూ పోతే దేనికి పడిందో అదే లైను. అందుకే చిన్న స్విచ్‌లన్నీ ఆపి చూడటం అలవాటైంది. ఆ అలవాటే తర్వాతి రకం లీకేజీ దగ్గర మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

న్యూట్రల్ లీకేజీ: ఎంసీబీకి అందని తప్పు

మన ఇళ్లలో చిన్న ఎంసీబీలు ఎక్కువగా ఒకే వైరును కోసేవి. అవి ఫేజ్‌ను మాత్రమే ఆపుతాయి. అన్ని లైన్ల న్యూట్రళ్లూ ఒకే ఇత్తడి పట్టీ మీద బిగించి ఉంటాయి. ఎంసీబీలన్నీ కిందికి దించినా, ఇంట్లో ప్రతి పాయింటు దాకా న్యూట్రల్ తీగలు ఆర్‌సీసీబీకి కలిసే ఉంటాయి. గోడ మీది స్విచ్‌లూ అంతే. గీజర్ స్విచ్ ఆపితే ఆగేది ఫేజ్ ఒక్కటే. ప్లగ్గు పీకితేనే న్యూట్రల్ కూడా విడిపోతుంది.

ఇప్పుడు ఎక్కడో ఒక న్యూట్రల్ వైరు ఎర్త్‌కు తగిలిందనుకుందాం. ఇనప బాక్సు మూత బిగించేటప్పుడు స్క్రూ కింద నలిగి ఉండొచ్చు. గోడకు మేకు కొట్టినప్పుడు పైపులో న్యూట్రల్, ఎర్త్ రెండిటినీ అది గుచ్చి ఉండొచ్చు. ఎలుక కొరికి ఉండొచ్చు. ఇంకోటి ఉంది, చెప్పడానికే బాధేస్తుంది. సాకెట్ దగ్గరికి ఎర్త్ వైరు రాలేదని, వెనకాల న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు చిన్న ముక్కతో కలిపేస్తారు. టెస్టర్‌తో చూస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. ఏదో రోజు ఆ న్యూట్రల్ తెగిందంటే ఆ ప్లగ్గులో ఉన్న ఫ్రిజ్ ఒళ్లంతా 230 వోల్టులు.

న్యూట్రల్‌లో వోల్టేజీ ఉండదు కదా, ఎర్త్‌కు తగిలితే ఏమవుతుంది? వోల్టేజీ అసలు ఉండదని కాదు, కొంచెం ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కలుపుతారు. అక్కడి నుంచి మన ఇంటి దాకా వచ్చే తీగకు నిరోధం ఉంటుంది, అందులో మన కరెంటూ, పక్కింటి వాళ్ల కరెంటూ పారుతుంటుంది. దాంతో మన ఇంటి దగ్గర న్యూట్రల్‌కూ భూమికీ మధ్య రెండు మూడు వోల్టుల తేడా వస్తుంది.

అది 3 వోల్టులు అనుకుందాం. ఎర్త్ గుంత నిరోధం 20 ఓమ్‌లు. 3ని 20తో భాగిస్తే 0.15 ఆంపియర్, అంటే 150 మిల్లీ ఆంపియర్లు. మన ఇంట్లో ఒక్క బల్బూ వెలగకపోయినా, ఎంసీబీలన్నీ కిందికే ఉన్నా, న్యూట్రల్ దారిలో ఆ 150 పోతుంది. ఫేజ్‌లో సున్నా. ఆర్‌సీసీబీకి ఆ తేడా చాలు. మొదట్లో చెప్పిన తర్కం తప్పింది ఇక్కడే.

ఈ లెక్కలోంచే ఇంకో రెండు వింతలు బయటపడతాయి. పగలు వీధిలో లోడు తక్కువ, న్యూట్రల్ మీద 0.2 వోల్టులే ఉంటే పోయేది 10 మిల్లీ ఆంపియర్లు. ఆర్‌సీసీబీ నిలబడుతుంది. సాయంత్రం ఏడింటికి అందరూ ఏసీలు, మోటార్లు వేస్తారు, న్యూట్రల్ పైకి లేస్తుంది, మన స్విచ్ పడుతుంది. "రాత్రిపూటే పడుతోంది, పగలు బాగానే ఉంది" అనే ఇళ్లలో మొదట అనుమానించాల్సింది దీన్నే.

రెండోది ఇస్త్రీపెట్టె కథ. ఇస్త్రీపెట్టె పెట్టగానే పడుతుంది, కాబట్టి ఇస్త్రీపెట్టె పాడైందని కొత్తది కొంటారు. అదీ అంతే. నిజానికి ఆ పెట్టెలో లోపం లేదు. అది లాగే కరెంటు వల్ల మన న్యూట్రల్ మీద వోల్టేజీ పెరిగి, ఎక్కడో బాత్రూమ్ లైటు బాక్సులో నలిగిన న్యూట్రల్ గుండా లీకేజీ హద్దు దాటింది. గీజర్ వేసినా, మిక్సీ, ఏసీ కలిపి వేసినా ఇలాగే పడుతుంది. ఏ పెద్ద లోడు పెట్టినా పడుతోందంటే, ఏ ఒక్క వస్తువునీ నిందించే ముందు న్యూట్రల్‌ను చూడాలి.

ఫేజ్ లీకేజీకి వేల ఓమ్‌ల తడి చాలని చెప్పుకున్నాం. న్యూట్రల్‌కు అది చాలదు. 3 వోల్టులతో 30 మిల్లీ ఆంపియర్లు పోవాలంటే మొత్తం దారి నిరోధం 100 ఓమ్‌లకు మించకూడదు. అంటే దాదాపుగా లోహం లోహానికి తగలాలి. అందుకే న్యూట్రల్ తప్పులు వానతో వచ్చి ఎండతో పోవు.

మెట్ల లైటు పంచాయితీ

కింద ఓనర్లు, పైన అద్దెవాళ్లు, రెండు మీటర్లు. ఇలాంటి ఇళ్లలో మెట్ల లైటుకు కిందా పైనా స్విచ్ ఉంటుంది. వైరింగ్ చేసినప్పుడు ఫేజ్ కింది మీటరు నుంచి లాగి, దగ్గర్లో ఉందని న్యూట్రల్ పై పోర్షన్ నుంచి కలిపేస్తారు. ఆర్‌సీసీబీలు లేని రోజుల్లో బల్బు వెలిగేది, ఎవరికీ తేడా తెలిసేది కాదు.

ఇప్పుడు రెండు పోర్షన్లకూ ఆర్‌సీసీబీలు బిగించారు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునేది 9 భాగించు 230, సుమారు 39 మిల్లీ ఆంపియర్లు. బల్బును బట్టి ఇంకా ఎక్కువ కూడా కావచ్చు. కింది ఆర్‌సీసీబీకి 39 వెళ్లి తిరిగి రాలేదు. పైదానికి పంపకుండానే 39 వచ్చింది. రెండిటికీ తప్పుగానే కనిపిస్తుంది. ఏది ముందు పడితే బల్బు ఆరిపోతుంది కాబట్టి రెండోది బతికిపోతుంది. అందుకే ఒకరోజు కింద వాళ్లకు, ఇంకోరోజు పై వాళ్లకు కరెంటు పోతుంది. "మీ ఇంట్లో లీకేజీ వల్లే" అని రెండు కుటుంబాలూ ఒకరినొకరు అనుకుంటూ ఉంటాయి. ఇందులో లీకేజీ అన్నదే లేదు. ఒక్క చుక్క కరెంటు కూడా భూమిలోకి పోలేదు.

దీన్ని వదిలేయకూడదనడానికి ఇంకో కారణం ఉంది. పై పోర్షన్ మెయిన్ ఆపేసి ఎవరైనా రిపేరు చేస్తుంటే, కింద మెట్ల స్విచ్ వేసి ఉన్నప్పుడు, పై వాళ్ల న్యూట్రల్ తీగలోకి బల్బు గుండా ఫేజ్ వచ్చేస్తుంది. మెయిన్ ఆపాను కదా అని పనిచేసే మనిషికి అది షాక్.

ఇన్వర్టర్ పెట్టిన తర్వాత మొదలైన ట్రిప్పులు

ఇన్వర్టర్‌దీ ఈ కుటుంబమే. దాని అవుట్‌పుట్ నుంచి ఫ్యాన్లకూ లైట్లకూ కొత్త ఫేజ్ వైరు లాగుతారు, న్యూట్రల్ మాత్రం ఇంటి పాత పట్టీదే వాడతారు. ఇన్వర్టర్ ప్లగ్గు కూడా అదే ఆర్‌సీసీబీ వెనక ఉన్న సాకెట్‌లో పెడితే చిక్కు రాదు. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఆ చట్రంలోంచే పోతాయి. ఇన్వర్టర్‌కు కరెంటు ఆర్‌సీసీబీకి ముందు నుంచో, వేరే అంతస్తు నుంచో ఇస్తే మాత్రం ఫేజ్ ఒక దారిన వచ్చి, న్యూట్రల్ ఇంకో దారిన పోతుంది. ఫ్యాన్ వేయగానే స్విచ్ పడుతుంది. రెండు తీగల ఆర్‌సీసీబీ పడితే న్యూట్రల్‌నూ తెంచుతుంది కాబట్టి కరెంటు పోయినప్పుడు బ్యాటరీ నిండా ఉన్నా లైట్లు వెలగవు. "ఇన్వర్టర్ పనిచేయట్లేదు" అని సర్వీస్ వాళ్లకు ఫోన్ చేస్తారు.

ఇన్వర్టర్‌ను సరిగ్గా కలిపినా, బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అప్పుడు కరెంటు ఇన్వర్టర్ నుంచి బయలుదేరి ఇన్వర్టర్‌కే చేరుతుంది. మెయిన్ బోర్డులోని ఆర్‌సీసీబీ ఆ దారిలో ఉండదు. దాని కాపలా ఆ సమయంలో లేనట్టే.

ఏ తప్పూ లేకపోయినా

కంప్యూటర్, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్ ఏసీ వంటి వాటిలో రేడియో జోక్యాన్ని ఆపే ఫిల్టర్లు ఉంటాయి. వాటి గుండా కొంచెం కరెంటు ఎప్పుడూ ఎర్త్‌లోకి పోతూనే ఉంటుంది. అది వాటి తయారీలోనే ఉన్నది. ఒక ఇంటి లెక్క వేసుకుందాం. రెండు ఏసీలకు రెండేసి మిల్లీ ఆంపియర్లు, వాషింగ్ మెషీన్‌కు 2, కంప్యూటర్‌కు ఒకటిన్నర, ఫ్రిజ్‌కు 1, గీజర్‌కు 2 అనుకుంటే మొత్తం పదిన్నర. ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. ఇంకో 5 మిల్లీ ఆంపియర్ల చిన్న తడి తోడైతే చాలు. ఏ ఒక్క వస్తువు తీసేసినా నిలబడుతుంది కాబట్టి ప్రతిదీ దొంగలాగే కనిపిస్తుంది. మామూలు రోజుల్లో లీకేజీ ఆర్‌సీసీబీ హద్దులో 30 శాతం, అంటే 9 మిల్లీ ఆంపియర్లు దాటకుండా లైన్లు పంచుకోవాలన్నది ఇంజినీర్లు పాటించే లెక్క.

ఒక ఇంట్లో వెతుకులాట ఎలా సాగుతుంది

పైవన్నీ తెలిసిన ఎలక్ట్రీషియన్ వెతికే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. అతను మొదట స్క్రూడ్రైవర్ తీయడు, ప్రశ్నలు అడుగుతాడు. ఎప్పుడు పడింది, వాన పడిందా, ఈ మధ్య గోడకు ఏమైనా బిగించారా, ఇన్వర్టర్ ఎప్పుడు పెట్టారు? మా ఇంట్లో ఒకసారి టీవీ స్టాండ్ బిగించిన మర్నాటి నుంచి ట్రిప్పులు మొదలైతే, వచ్చినాయన వైర్లు చూడకముందే ఆ గోడ వైపు నడిచాడు.

ఒక ఉదాహరణ ఇల్లు తీసుకుందాం. అయిదు లైన్లు: హాలు, వంటిల్లు, బాత్రూమ్ వైపు, ఏసీ, మోటారు. ఎంసీబీలన్నీ ఆపినా ఆర్‌సీసీబీ పడుతోంది. అంటే ఫేజ్ మీద అనుమానం తగ్గి, న్యూట్రల్ మీద పెరిగింది. ప్లగ్గులన్నీ పీకించాడు. అయినా పడింది. కాబట్టి తప్పు ప్లగ్గుల్లో పెట్టే వస్తువుల్లో కాదు, వైరింగ్‌లోనో బిగించి ఉన్న లైట్లలోనో ఉంది.

తర్వాత మెయిన్ ఆపి, వైర్ల ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ అనే మీటరు తీశాడు. మామూలు మల్టీమీటర్ చిన్న బ్యాటరీ వోల్టేజీతో కొలుస్తుంది, బలహీనమైన ఇన్సులేషన్ దానికి బాగానే కనిపించొచ్చు. మెగ్గర్ 500 వోల్టుల డీసీ పెట్టి కొలుస్తుంది. కనీసం 1 మెగ్ ఓమ్, అంటే పది లక్షల ఓమ్‌లు, చూపించాలన్నది హద్దు. బాగున్న ఇంట్లో దానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది. ఆ 500 వోల్టులు ఎలక్ట్రానిక్ వస్తువుల్ని పాడుచేస్తాయి కాబట్టి ప్లగ్గులతో పాటు ఎల్ఈడీ బల్బుల్ని కూడా విడదీయాల్సి వస్తుంది. ఫేజ్ తీగలకూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 40 మెగ్ ఓమ్‌లు వచ్చాయి, బాగుంది. న్యూట్రల్ పట్టీకీ ఎర్త్‌కూ మధ్య ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది.

ఇక పట్టీ మీది న్యూట్రళ్లను ఒక్కొక్కటే విప్పుతూ పోయాడు. హాలుది తీస్తే సున్నాయే. వంటింటిది తీసినా సున్నాయే. బాత్రూమ్ వైపుది తీయగానే ముల్లు పైకి ఎగిరింది. ఆ లైనులో మూడు బాక్సులున్నాయి. మధ్య బాక్సు దగ్గర తీగ విడదీస్తే అవతలి సగంలో తప్పుందని తేలింది. చివరికి పెరటి లైటు ఇనప బాక్సులో, మూత స్క్రూ కింద నలిగిన నల్ల వైరు దొరికింది. వెతకడానికి రెండు గంటలు పట్టింది, దాన్ని సరిచేయడానికి పట్టింది అయిదు నిమిషాలు. పట్టీ మీద న్యూట్రళ్లకు ఏ లైనుదో చీటీలు కట్టి ఉంటే ఆ రెండు గంటలు ఇంకా తగ్గేవి.

అప్పుడప్పుడు వచ్చి పోయే లీకేజీకి మెగ్గర్ చాలదు, కొలిచే వేళకు అది ఉండకపోవచ్చు. దానికి మిల్లీ ఆంపియర్లు చూపించే లీకేజీ క్లాంప్ మీటర్ వాడతారు. ఫేజ్, న్యూట్రల్ రెండిటినీ కలిపి దాని దవడలో పెడితే ఆర్‌సీసీబీకి కనిపించే తేడానే దానికీ కనిపిస్తుంది. ఇల్లు నడుస్తుండగానే ఏ లైను ఎంత కారుస్తోందో చూడొచ్చు. ఈ పనులన్నీ బోర్డు తెరిచి చేసేవి. ఆర్‌సీసీబీ పడి ఉన్నా దానికి వచ్చే వైపు తీగల్లో 230 వోల్టులు ఉంటూనే ఉంటాయి, కాబట్టి ఇంట్లో వాళ్లు చేయదగ్గది ప్లగ్గులు పీకి, స్విచ్‌లు చూసుకుని, పడే వేళల్ని రాసిపెట్టడం వరకే.

30 వద్దు, 100 పెట్టమంటే

పదే పదే ట్రిప్ అయ్యే ఇళ్లకు 100 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమనే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. వాళ్ల వాదనను కొట్టిపారేయలేం. పెద్ద ఇల్లు, నాలుగు ఏసీలు, అంతటికీ ఒకే 30 అయితే ఏ తప్పూ లేకుండానే పడుతుంది. విసిగిన యజమాని డైరెక్ట్ చేయించుకుంటాడు. ఏమీ లేకపోవడం కన్నా 100 నయం కదా అంటారు. 100, 300 రకాలకు ఒక పని ఉన్న మాట నిజమే. లీకేజీ వల్ల నిప్పు పుట్టకుండా అవి కాపాడతాయి. పెద్ద భవనాల్లో ముందు 300ది ఆలస్యంగా పడేలా పెట్టి, లోపల అంతస్తుకో 30 పెడతారు.

కానీ ఇంట్లో ఉన్న ఒక్కటీ 100ది అయితే, 60 మిల్లీ ఆంపియర్లు మనిషి ఒంట్లోంచి పోతున్నా అది కదలకపోవచ్చు. పట్టిన చెయ్యి వదలలేని స్థితికి పదీ పదిహేనే చాలు. నా మటుకు నేను ఇంట్లో చివరి కాపలాగా 100ని ఒప్పుకోలేను. దానికన్నా మెరుగైన దారి ఒకే 30ని విడగొట్టడం. బాత్రూమ్‌లకు ఒకటి, వంటింటికి ఒకటి, ఏసీలకు ఒకటి పెట్టుకుంటే లీకేజీలు పంచుకుంటాయి. ఒకటి పడితే ఇల్లంతా చీకటవదు, ఫ్రిజ్‌లో పాలు విరగవు, తప్పు ఏ వైపుందో కూడా స్విచ్చే చెబుతుంది. ఖర్చు పెరుగుతుంది, బోర్డులో చోటు కావాలి, ప్రతి ఆర్‌సీసీబీకి విడి న్యూట్రల్ పట్టీ కావాలి. పాత ఇళ్లలో కలిసిపోయిన న్యూట్రళ్లను విడదీయడం చిన్న పని కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఈ విభజన ఇంకా ముందుకు పోయింది. అక్కడ బాత్రూమ్, వంటింటి సాకెట్ల మీదే రెండు చిన్న బటన్లుంటాయి. ఆ పరికరం 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల మధ్యనే పడుతుంది. అంత తక్కువ హద్దు పెట్టగలిగేది అది కొద్ది సాకెట్లనే కాపలా కాస్తుంది కాబట్టి. ఇంటి మొత్తానికి 5 పెట్టి ఉంటే రోజూ చీకటే.

స్విచ్చే పాడైందని ఎప్పుడు అనుకోవచ్చు?

ఆర్‌సీసీబీ కూడా యంత్రమే, పాడవుతుంది. లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది, తీరప్రాంతాల ఉప్పుగాలికి కాంటాక్టులు తుప్పు పడతాయి. రకం కుదరకపోవచ్చు కూడా. ఏసీ రకం అని ఉన్నది మామూలు అలల లీకేజీనే గుర్తిస్తుంది, ఎలక్ట్రానిక్ వస్తువుల నుంచి వచ్చే సగం అలల లీకేజీని పట్టాలంటే 'టైప్ ఏ' అనే రకం కావాలి. ఈ పేరులోని ఏసీకి గది చల్లబరిచే ఏసీతో సంబంధం లేదు.

స్విచ్ నిజంగా పాడైందా అన్నది తేల్చే పరీక్ష చిన్నదే. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, ఆర్‌సీసీబీ నుంచి ఇంట్లోకి వెళ్లే రెండు తీగల్నీ, ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌నూ, విప్పేస్తాడు. మెయిన్ వేసి, స్విచ్ లేపుతాడు. వెనక ఏమీ లేకుండా కూడా అది పడిందంటే తప్పు దానిదే, మార్చాల్సిందే. నిలబడి, 'టి' నొక్కితే పడి, మళ్లీ లేపితే నిలబడిందంటే, కొత్తది కొన్నా రెండు రోజుల్లో అదీ పడుతుంది. నలిగిన వైరు ఇంట్లో ఎక్కడో ఇంకా ఉంది.